జల్లెడలో దొరికినవి

ఏటా సముద్రం బీచి రోడ్డు కింద ఇసుక తినేస్తుంది.
ఏటా మేం డ్రెడ్జరు వేసుకుని
ఔటర్ హార్బరు గోడ పక్కన పేరుకున్న ఆ ఇసుకే తోడి
తెచ్చి మళ్ళీ అక్కడే పోస్తాం.
ఇరవై ఆరేళ్ళుగా నా ఉద్యోగం ఇదే.
పునర్జన్మ సంగతి నన్నడిగితే
ఇసుక వరకైతే ఉందని చెప్పగలను.

గొట్టం మూతికి ఇనప జల్లెడ ఉంటుంది.
ఇసుక వెళ్ళిపోతుంది, మిగతాది ఆగిపోతుంది.
షిఫ్టుకి రెండుసార్లు పంపు ఆపి దాన్ని దులపాలి.
ఏం దొరుకుతాయనుకున్నారు?
వినాయకుడి బొమ్మల్లో చువ్వలు.
ఎర్రగుడ్డ చుట్టిన ముంతల మూతులు.
తెగిన తాయెత్తు. జపమాల సగం.
ఒకసారి పాలపీక,
దానికి కట్టిన పసుపుతాడు ఇంకా ఊడలేదు.
ఊరు ఊరంతా పైకి పంపించినవి
మా కాళ్ళ దగ్గర, బురదలో.

దులిపే పని అప్పలస్వామిది.
పేరులో సింహాచలం దేవుడు, మనిషిలో ఎవరూ లేరు.
"సచ్చినోడు సచ్చినట్టే, బావూ.
దీపం ఆరిపోతే ఎలుతురు ఏ ఊరెల్లిందని అడుగుతామేటి?"
అనేవాడు, టీ ఊదుకుంటూ.
గఫూర్ ఊరుకునేవాడు కాదు:
"లెక్క అడిగేవాడే లేకపోతే
మన ఫోర్‌మన్ చేసినవన్నీ ఎవడి ఖాతాలో రాయాలి?"
జ్ఞానాపురం లాజరు వాదించడు.
వాళ్ళమ్మ సమాధి పక్కన తనకి ఆరడుగులు మాట్లాడి ఉంచాడు.
ఆవిడకి కళ్ళు సరిగా కనపడవు,
లేచే రోజున చెయ్యి పట్టుకోవాలట.
ఆ ఒక్క మాటకి మాత్రం
అప్పలస్వామి నవ్వగా నేను చూడలేదు.

ఇంకోటి చెప్పాలి.
దులిపినవి చెత్తడ్రమ్ములో వెయ్యాలని రూలు.
అతను వెయ్యడు.
రబ్బరు గ్లౌజులు తొడుక్కుని ఒక్కోటీ కడిగి
అవతలి వైపు, లోతు చూసి వదిలేవాడు.
నమ్మవు కదా, ఎందుకురా అంటే:
"అడ్రస్సు నేదనే నానంటాను.
అలాగని ఒకల ఉత్తరం మనం సింపేత్తామేటి?"

మార్గశిరంలో పోయాడు, గురువారం.
బురుజుపేట అమ్మవారి క్యూ రోడ్డు మీదికొచ్చి
అంబులెన్సు కదల్లేదు.
కాగితం ముందే రాసిచ్చాడు,
ఒళ్ళు మెడికల్ కాలేజీకని.
బతికుండగా ఏడో క్లాసు దాటనివాణ్ణి
ఇప్పుడు పద్దెనిమిదేళ్ళ పిల్లలు చదువుకుంటున్నారు.

పదోరోజున నూకాలు పోర్టు గేటు దగ్గరికొచ్చింది.
"కాల్సలేదు, పూడ్సలేదు.
కలపడానికి గుప్పెడు బూడిదైనా నేదు నాకు.
ఎటేపు తిరిగి దండం ఎట్టాల, బావూ?"
సంచీలోంచి గ్లౌజులు తీసింది, రెండూ,
ఉతికి, మడతపెట్టి.

యారాడ కొండ దాటాక వదిలాను.
లాజరు నుదుటి మీద సిలువ వేసుకున్నాడు.
గఫూర్ పెదాలు కదిలాయి.
నాకేమీ రాదు.
ఇంజను చప్పుడు కొంచెం తగ్గించమన్నాను.

పదకొండు రోజులకి ఒకటి తిరిగొచ్చింది.
కుడిచేతిది. వేళ్ళనిండా ఇసుక,
లోపల చెయ్యి ఉన్నట్టే ఉబ్బి.
కొత్తగా చేరిన కుర్రాడు అలలూ పోట్లూ లెక్కేసి
ఎందుకొచ్చిందో చెప్పాడు. లెక్క సరిపోయింది కూడా.
లాజరు దాన్ని పట్టుకుని నిలబడ్డాడు,
దాన్నంటే, దాని వేళ్ళని.
పంపు ఆగి ఎంతసేపైందో ఎవరూ చూసుకోలేదు.

ఇసుక వంపేశాను. కడిగాను.
అవతలి వైపు, లోతు చూసి వదిలాను.
నూకాలుకి చెప్పలేదు.
సాయంత్రాలు బీచిలో
మేం పోసిన కొత్త ఇసుక మీద కూచుంటోందని విన్నాను.

రెండో గ్లౌజు ఇంతవరకూ రాలేదు.
దాని సంగతి డ్రెడ్జరు మీద ఎవరి మాట వాళ్ళదే.
షిఫ్టుకి రెండుసార్లు దులపాలని రూలు.
నేను మూడుసార్లు దులుపుతున్నాను.